పరదేశం వెళ్లేముందు రాసిపెట్టవలసిన కాగితం

ఏ ప్రాణికీ తాను ఏ నేల మీద మరణిస్తుందో తెలియదని దివ్యఖుర్‌ఆన్‌లోని లుక్మాన్‌ సూరా చివరి ఆయత్‌లో అల్లాహ్‌ తెలియజేశాడు. ఈ మాటను మనం జనాజాలలో, ఇజ్తెమాలలో ఎన్నోసార్లు విన్నాం. విని, తల ఊపి, ఇంటికి వెళ్లిపోయాం. కాని కొడుకునో, అల్లుడినో రియాద్‌కు, దమ్మామ్‌కు, కువైట్‌కు సాగనంపిన ఇంటివారికి ఇది ఉపదేశం మాత్రమే కాదు. రేపో మాపో తమ గుమ్మం తొక్కగల సంగతి.

గల్ఫ్‌ అనగానే అందరూ కరీంనగర్‌, నిజామాబాద్‌ పేర్లే చెబుతారు. వలస అనగానే పాలమూరు కూలీలు గుర్తుకొస్తారు. మన రామన్నపేట వైపు నుంచి వెళ్లేవారి లెక్క ఎవరూ తీయరు. అయినా ఇక్కడ రైలెక్కి సికింద్రాబాద్‌ చేరి, అటునుంచి శంషాబాద్‌ విమానాశ్రయానికి పోయే డ్రైవర్లు, మేస్త్రీలు, ఏసీ మెకానిక్కులు, దర్జీలు మన మొహల్లాలలోనూ ఉన్నారు. ఇళ్లలో పనికి పోయే అక్కాచెల్లెళ్లూ ఉన్నారు. వారు బయలుదేరేముందు మనం ఏమేమి చేస్తాం? ఖుర్‌ఆన్‌ ఖ్వానీ పెడతాం. చుట్టాలను పిలిచి దావత్‌ ఇస్తాం. చేతికి ఇమామ్‌ జామిన్‌ కడతాం (ఆ రివాజుకు దీన్‌లో ఆధారం ఉందా లేదా అన్నది వేరే చర్చ). మామిడికాయ తొక్కు, కారప్పొడి విమానం తూకానికి సరిపోయేట్టు కట్టిస్తాం. ఏజెంటుకు డబ్బు ముట్టిందా లేదా అని పదిసార్లు అడుగుతాం. అన్నీ అయ్యాక ఆ సంచిలో లేనిది ఒక్కటే. అది వసీయత్‌ కాగితం.

ఆ మాట ఎత్తితే చాలు, ‘మంచి పనికి పోతుంటే అపశకునం పలుకుతారేమిటి’ అని పెద్దలు కసురుకుంటారు. శకునాల నమ్మకం ఇస్లాంలో లేదని ఆ పెద్దలకూ తెలుసు. మాటతో మృత్యువు రాదు, మౌనంతో ఆగదు. వసీయత్‌ చేయవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిం, దాన్ని రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించినట్టు హజ్రత్‌ అబ్దుల్లా బిన్‌ ఉమర్‌ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. తన ఇంట్లో, తన ఆలుబిడ్డల మధ్య ఉన్నవాడికే రెండు రాత్రుల గడువు. సముద్రం అవతల, పదిమంది పరాయివాళ్లున్న గదిలో రెండేళ్లు గడపబోయేవాడికి ఎంత గడువు ఉంటుందో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

అంతేకాదు. మాయిదా సూరా 106వ ఆయత్‌ సరిగ్గా ప్రయాణంలో ముంచుకొచ్చే మరణం గురించే మాట్లాడుతుంది. వసీయత్‌ చేసే వేళ మీలోని ఇద్దరు న్యాయశీలురను సాక్షులుగా పెట్టుకోవాలని, పరదేశంలో ఉండగా మృత్యువు ముంచుకొస్తే మీవారు కాని ఇద్దరినైనా పెట్టుకోవచ్చని ఆ ఆయత్‌ భావం. ‘మీవారు కాని’ అంటే ముస్లిమేతరులని అనేకమంది వ్యాఖ్యాతలు వివరించారు. ఆ అనుమతి నేటికీ వర్తిస్తుందా అన్న విషయంలో ఫుకహాల మధ్య అభిప్రాయభేదం ఉంది. దాని జోలికి ఇప్పుడు పోనక్కరలేదు. పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే, బాటసారి చివరి మాట గాలిలో కలిసిపోకూడదని ఇంత వివరంగా ఆదేశాలు వచ్చాయన్నది మనం గమనించవలసిన సంగతి.

ఇటీవలి రెండు ఘటనలు మన కళ్ల ముందున్నాయి. 2024 జూన్‌ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుని 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌ వారు. రెండు రోజులకు భారత వాయుసేన విమానం వారి దేహాలను కొచ్చికి చేర్చింది. 2025 నవంబరు 17న మదీనా సమీపంలో ఉమ్రా యాత్రికుల బస్సు డీజిల్‌ ట్యాంకరును ఢీకొని 45 మంది మరణించారు. అత్యధికులు హైదరాబాద్‌ వారే. ఒకే కుటుంబంలో మూడు తరాల వారు పోయారు. తెలంగాణ ప్రభుత్వం బంధువులను అక్కడికి పంపింది. రక్తసంబంధీకుల నమూనాలతో పరీక్షలు జరిపి, మృతులను గుర్తించి, జన్నతుల్‌ బఖీలో దఫన్‌ చేశారు. అల్లాహ్‌ వారందరినీ క్షమించుగాక.

ఇవి దేశమంతా చూసిన మరణాలు. మంత్రులు కదిలారు, విమానాలు కదిలాయి. రాత్రి పడుకుని ఉదయం లేవని డ్రైవరు కోసం, ఎండలో కూలిపోయిన మేస్త్రీ కోసం విమానం కదలదు. అతని కోసం కదలవలసింది కాగితం. ఆ కాగితం తయారుగా లేకపోతే మయ్యత్‌ అక్కడి ఆసుపత్రి శవాగారంలో వారాల తరబడి ఉండిపోతుంది.

అక్కడ ఏమి జరుగుతుందో ముందు తెలుసుకుందాం. మరణం సంభవించగానే ఆసుపత్రి వైద్య నివేదిక ఇస్తుంది. ప్రమాదమైనా, అనుమానం ఉన్నా పోలీసు నివేదిక కావాలి. ఆ తర్వాత భారత రాయబార కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, మరణ ధ్రువపత్రం ఇస్తుంది. ఇది చాలామందికి తెలియని సంగతి. విదేశంలో మరణించిన భారత పౌరుడి మరణం నమోదయ్యేది అక్కడి మన కార్యాలయంలోనే గాని, మన ఊరి పంచాయతీలో కాదు. మయ్యత్‌ను ఇక్కడికి తెచ్చి మన ఖబరస్తాన్‌లోనే దఫన్‌ చేసినా అంతే. కనుక ఆ ధ్రువపత్రం అసలు ప్రతి చేతికి వచ్చేదాకా వదలకూడదు. తర్వాతి పనులన్నిటికీ అదే తాళంచెవి.

మయ్యత్‌ను ఇంటికి పంపాలన్నా, అక్కడే దఫన్‌ చేయాలన్నా కుటుంబం రాతపూర్వకంగా సమ్మతి తెలపాలి. అక్కడ ఆ పనులు చూసే మనిషి పేరిట వారసులు పవర్‌ ఆఫ్‌ అటార్నీ రాసి, నోటరీ చేయించి పంపాలి. దానిపై ఇంకా ఏయే ముద్రలు కావాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. రాయబార కార్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి, ఏజెంటును కాదు. విదేశాంగశాఖ 2015లో మొదలుపెట్టిన ‘మదద్‌’ అనే ఇంటర్నెట్‌ ఏర్పాటు ద్వారా ఫిర్యాదు నమోదు చేస్తే దానికొక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య చూపితే జవాబు అడిగే హక్కు ఉంటుంది.

ఇక్కడే మనవారి అసలు ఇబ్బంది మొదలవుతుంది. పేర్లు! పాస్‌పోర్టులో ‘మహమ్మద్‌’, ఆధార్‌లో ‘ఎండి’, రేషన్‌ కార్డులో ‘మహ్మద్‌’. ఒకచోట ‘షేక్‌’ ముందు, ఒకచోట వెనుక, మరొకచోట ‘ఎస్‌.కె.’. భార్య పేరు నికాహ్‌నామాలో ‘బేగం’, ఆధార్‌లో ‘బీ’, బ్యాంకు పుస్తకంలో రెండూ లేవు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే. కాని రియాద్‌లో కూర్చున్న గుమాస్తాకు ఈ నాలుగు పేర్లు నలుగురు మనుషులు. భర్త పాస్‌పోర్టులో భార్య పేరు రాయించకపోతే, తాను అతని భార్యనని ఆ తల్లి దుఃఖంలో రుజువు చేసుకోవలసి వస్తుంది. నికాహ్‌నామా ఉర్దూలో ఉంటుంది. అది కూడా చాలా ఇళ్లలో దొరకదు. ట్రంకు పెట్టె అడుగున చెదలు తిని ఉంటుంది, లేదా అత్తగారింట్లోనో పుట్టింట్లోనో ఎవరి దగ్గరుందో తెలియదు. ఖాజీ గారి రికార్డును బట్టి రాష్ట్ర వక్ఫ్‌ బోర్డు వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. ప్రయాణానికి ముందే దాన్ని తెచ్చుకోవడం, పాస్‌పోర్టులో భార్య పేరు చేర్పించడం, ఆధార్‌లో పేర్లు సరిచేయించడం ఒక్క నెల పని. మరణం తర్వాత అదే పనికి ఏడాది పడుతుంది.

ఇంట్లో ఉంచవలసిన జిరాక్సు ప్రతులు కూడా చెప్పుకుందాం. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం ముందే ఉంటాయి. అక్కడికి చేరాక వచ్చే ఇఖామా ప్రతిని కూడా పంపించాలి. కఫీల్‌ పేరు, అతని ఫోను, పనిచేసే చోటు చిరునామా, ఒకే గదిలో ఉండే ఇద్దరి నంబర్లు రాసి ఉంచాలి. ఇవన్నీ అతని ఫోనులో ఉన్నాయి కదా అంటారు. ఫోను తాళం తెరిచే వేలు అతనితోనే పోతుంది.

మయ్యత్‌ను ఎక్కడ దఫన్‌ చేయాలి? తల్లి కడసారి ముఖం చూస్తానంటుంది. ఆ కోరికను తప్పుబట్టే మనసు ఎవరికీ ఉండదు. అయితే మరణించిన చోటనే దఫన్‌ చేయడం ఉత్తమమని, దూరదేశాలకు తరలించడం అయిష్టకరమని ఫుకహాలలో అత్యధికుల అభిప్రాయం. ఉహుద్‌ షహీదులను మదీనాకు తీసుకుపోబోతే, వారు నేలకొరిగిన చోటికే తిరిగి తెమ్మని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి హజ్రత్‌ జాబిర్‌ (రజి) ఉల్లేఖనంలో ఉంది. విమానంలో పంపాలంటే దేహానికి రసాయనాలు ఎక్కించాలి, పెట్టెలో బిగించాలి, రోజులు గడవాలి. ఇక్కడికి వచ్చాక ఆ పెట్టె తెరవగలమో లేదో కూడా చెప్పలేం. కనుక వెళ్లేవాడే తన ఇష్టాన్ని స్పష్టంగా చెప్పి, రాసి ఉంచితే ఇంట్లో వాదులాట ఉండదు. తల్లి ఒకటి, భార్య ఒకటి, అన్నదమ్ములు ఒకటి అంటూ పది రోజులు ఫోన్లలో తగవు పడుతుంటే అక్కడ మయ్యత్‌ ఎదురుచూస్తూ ఉంటుంది.

అక్కడే దఫన్‌ అయితే ఇక్కడ గాయిబానా జనాజా నమాజు చేయవచ్చా అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. హనఫీ, మాలికీ మస్లక్‌లలో అది లేదు. షాఫయీ, హంబలీ మస్లక్‌లలో ఉంది. మన మసీదులు చాలావరకు హనఫీ మస్లక్‌వి కనుక, దుఆ, ఈసాలె సవాబ్‌తో సరిపెట్టుకుని, ఆ విషయమై మసీదులో గొడవలు తెచ్చుకోకుండా ఉండడం మంచిది.

రవాణా ఖర్చు భయంతో కొందరు అప్పులు చేస్తారు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం కార్మికుడు మరణిస్తే మయ్యత్‌ను సిద్ధం చేసి స్వదేశం పంపే ఖర్చు యజమానిదే, బంధువుల సమ్మతితో అక్కడే దఫన్‌ చేస్తే తప్ప. ఇళ్లలో పనిచేసేవారికి వేరే నిబంధనలు ఉన్నాయి. యజమాని ముఖం చాటేస్తే, దిక్కులేనివారి కోసం 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఖర్చు భరించమని రాయబార కార్యాలయాన్ని కోరవచ్చు. శంషాబాద్‌ నుంచి ఊరిదాకా ఉచిత అంబులెన్సును తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగం ఏర్పాటు చేస్తూ వచ్చింది. ముందుగా తెలియజేయాలి, అంతే. అయితే విజిట్‌ వీసా మీద వెళ్లి పనిచేసేవారికి, కఫీల్‌ను వదిలి హురూబ్‌ పడినవారికి బాధ్యత వహించే యజమాని ఉండడు, బీమా ఉండదు. ‘ముందు వెళ్లు, తర్వాత మార్పిద్దాం’ అనే ఏజెంటు మాట నమ్మేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బీమా అన్నాం కనుక ఒక మాట. పదో తరగతి పాసుకాని వారికి ఇచ్చే ఈసీఆర్‌ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలుగా ప్రీమియం పెట్టారు. ప్రమాదంలో మరణిస్తే నామినీకి 10 లక్షలు వస్తాయి. గుండె ఆగి చనిపోతే ఈ 10 లక్షలు రావు. గడువు తీరాక ఇంటర్నెట్‌లోనే పొడిగించుకునే వీలున్నా చాలామంది పొడిగించుకోరు. ఆ పత్రం ఏజెంటు ఇచ్చిన కవరులోనే ఉండిపోతుంది. అందులో నామినీగా ఎవరి పేరుందో ఇంటికి తెలియదు. జీవిత బీమా విషయంలో ఉలమాల అభిప్రాయాలు మనకు తెలిసినవే. కాని ఇది ప్రభుత్వం తప్పనిసరి చేసింది. కట్టాక పత్రం దాచుకోకపోవడం పరహేజ్‌గారీ కాదు, అశ్రద్ధ.

గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే విధంగా తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు అవి వర్తిస్తాయి. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. రామన్నపేట 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది కనుక మనవారు వెళ్లవలసింది భువనగిరికి. పాత అలవాటు కొద్దీ నల్లగొండ బస్సెక్కి తిరిగి వచ్చేవారు ఇంకా ఉన్నారు. ఆలస్యం చేస్తే గడువు దాటిందంటారు. ఇద్దత్‌ ముగిశాక చూద్దామని కూర్చోకూడదు.

వీటన్నిటికంటే పెద్ద మొత్తం సాధారణంగా యజమాని వద్ద ఉంటుంది. రావలసిన జీతం, సెలవు డబ్బు, సర్వీసు డబ్బు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు లెక్క కడతారు. అంటే పదేళ్లు చేసినవాడికి ఏడున్నర నెలల జీతం. ఈ సొమ్ము వసూలైతే చాలా సందర్భాల్లో రాయబార కార్యాలయం దాన్ని జిల్లా కలెక్టరు ద్వారా వారసులకు అందజేస్తుంది. అప్పుడు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. మీ సేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల అది చాలదు, సివిల్‌ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటారు. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటే ఆ చిక్కు తప్పుతుంది. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ యజమాని కాదు. బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు పంచవలసిన అమానత్‌దారు మాత్రమే. ‘నా పేరే రాశాడు, అంతా నాదే’ అనడం షరీఅత్‌లోనూ లేదు, బ్యాంకు సొమ్ము విషయంలో దేశచట్టంలోనూ లేదు.

మదర్సాలలో ఫరాయిజ్‌ కోసం సిరాజీ చదివినవారికి మొదటి పాఠమే ఇది. మృతుని సొమ్ముపై నాలుగు హక్కులు వరసగా వస్తాయి. ముందు కఫన్‌ దఫన్‌ ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత మూడోవంతుకు మించని వసీయత్‌, చివరికి వారసుల వాటాలు. మనవాళ్లు మొదటిదాని నుంచి నేరుగా నాలుగోదానికి దూకుతారు. అప్పు సంగతి ఎవరూ ఎత్తరు. జనాజా ముందు దైవప్రవక్త (స) మొదట అడిగింది ఇతనికి అప్పుందా అని. అప్పుందని తెలిసి నమాజు తాను చదివించకుండా ఆగితే, హజ్రత్‌ అబూ ఖతాదా (రజి) దాన్ని తీర్చే పూచీ తీసుకున్నాకే చదివించారు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు ఎవరి దగ్గర తెచ్చాడు, ఎంత వడ్డీకి, ఎంత తీరింది, గదిలో నడిపే చిట్టీలో ఎంత కట్టాడు, ఎవరికి చేబదులిచ్చాడు, ఇవన్నీ అతని తలలోనే ఉంటాయి. బఖరా సూరాలో, ఖుర్‌ఆన్‌ మొత్తంలోకెల్లా పొడవైన ఆయత్‌ అప్పును రాసుకోవడం గురించే వచ్చింది.

అన్ని అప్పుల్లోకి మనం మరచిపోయే అప్పు మహర్‌. మయ్యత్‌ ముందు ఏడుస్తున్న ఆడకూతురి చుట్టూ చేరి ‘మహర్‌ మాఫ్‌ చేశానని చెప్పు’ అని పలికించే రివాజు మన వైపు ఇంకా ఉంది. మయ్యత్‌ పరదేశంలో ఉంటే ఫోను చెవి దగ్గర పెట్టి మరీ పలికిస్తారు. స్పృహలేని దుఃఖంలో, నలుగురి ఒత్తిడి మీద అనిపించిన మాటను ఇష్టపూర్వకమైన మాఫీ అనడానికి వీల్లేదు. మహర్‌ ఇచ్చేసి వెళ్లాలి. లేదా ఇంకా ఇంత బాకీ ఉందని తన చేత్తో రాసి వెళ్లాలి. అలా రాస్తే అది వాటాల కంటే ముందు ఆమెకు చెల్లుతుంది.

ఇప్పుడు, ఈ వ్యాసం రాయడానికి కారణమైన విషయానికి వస్తాం. గల్ఫ్‌ సంపాదన ఎవరి పేరిట పోగవుతోంది? కొడుకు పదిహేనేళ్లు డబ్బు పంపుతాడు. తండ్రి పేరున ఉన్న పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడతారు. ప్లాటు అన్న పేరున కొంటారు, రిజిస్ట్రేషన్‌కు మనిషి ఎదురుగా ఉండాలి కదా అని. అందరి మనసులో అది అతనిదే. అతడు బతికున్నంతకాలం ఎవరికీ అనుమానం రాదు. తండ్రి బతికుండగా అతడు పరదేశంలో కన్నుమూస్తాడు. కొన్నేళ్లకు తండ్రీ పోతాడు. అప్పుడు ఫరాయిజ్‌ లెక్క ప్రకారం తండ్రి ఆస్తి బతికున్న కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు పోతుంది. కొడుకు బతికుండగా, ముందే చనిపోయిన మరో కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. అంటే ఎవరి చెమటతో ఆ ఇంటికి గోడలు లేచాయో, అతని పిల్లలే ఆ ఇంట్లో పరాయివారు!

‘మీ షరీఅత్‌లో ఇలా ఉందా’ అని వేలెత్తి చూపేవారున్నారు. షరీఅత్‌ దారి మూయలేదు. మనమే మూసుకున్నాం. వారసులు కానివారి కోసమే మూడోవంతు వసీయత్‌ ఉంది. తాత బతికుండగానే ఆ యతీముల పేర వసీయత్‌ రాయవచ్చు. హిబా చేసి, స్వాధీనం కూడా అప్పగించి ఇవ్వవచ్చు. కాని అది తాత దయ మీద, చిన్నాన్నల మంచితనం మీద ఆధారపడ్డ విషయం. అసలు మందు ముందే ఉంది. తన సొమ్ముతో కొన్నది తన పేరున కొనాలి. మనిషి ఎదురుగా లేకపోతే పవర్‌ ఆఫ్‌ అటార్నీ ద్వారా కొనవచ్చు. తండ్రి స్థలంలో ఇల్లు కడితే, ఎంత సొమ్ము పెట్టాడో, అది బహుమానమా, అప్పా, వాటానా అన్నది తండ్రీకొడుకులు ఇద్దరు సాక్షుల ముందు రాసుకోవాలి. అమ్మీ అబ్బాను అవమానించినట్టవుతుందని జంకుతారు. వారి సేవకు డబ్బు పంపడం వేరు, ఇంటి లెక్క వేరు. మొదటిదానికి రాతకోతలు అక్కరలేదు. రెండోదానికి కావాలి.

పిల్లల సంగతి ఇంకొకటుంది. మన దేశంలో అమలయ్యే ముస్లిం పర్సనల్‌ లా ప్రకారం మైనరు పిల్లల ఆస్తికి సంరక్షకుడు తండ్రి. ఆయన పోతే ఆయన వసీయత్‌లో నియమించిన వసీ. అలాంటివాడు లేకపోతే తాత. తల్లికి బిడ్డను పెంచే హక్కు ఉంది గాని, బిడ్డ వాటాకు వచ్చిన డబ్బును నిర్వహించే అధికారం దానంతటదే రాదు. కోర్టు నియమించాలి. అందుచేత పిల్లల పేర వచ్చిన పరిహారం ఏళ్ల తరబడి కదలకుండా ఉండడమో, మరొకరి చేతిలో కరిగిపోవడమో జరుగుతుంది. కాని తండ్రి తన వసీయత్‌లో ‘నా పిల్లల ఆస్తికి వసీ వారి తల్లి’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ అధికారం ఆమెదే. స్త్రీని వసీగా నియమించడానికి మన ఫిఖ్‌లో అడ్డు లేదు. హజ్రత్‌ ఉమర్‌ (రజి) తన వక్ఫ్‌ నిర్వహణను తన కుమార్తె, విశ్వాసుల తల్లి హజ్రత్‌ హఫ్సా (రజి) చేతికి వసీయత్‌ చేసిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. ఈ ఒక్క వాక్యం రాయని కారణంగా ఎందరు తల్లులు తమ బిడ్డల ఫీజు కోసం మరదుల ముందు చేయి చాచారో!

విధవరాలు ఇద్దత్‌లో ఉంది, గడప దాటకూడదు అని చెప్పి ఆమె బదులు ఇంటి మగవారు తిరుగుతారు. ఆమె చేత తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయిస్తారు. ఇక్కడ మసఅలా స్పష్టంగా చెబుతున్నాం. భర్త మరణించిన స్త్రీ ఇద్దత్‌ నాలుగు నెలల పది రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు. అది మరణించిన తేదీ నుంచి మొదలవుతుంది గాని కబురు అందిన రోజు నుంచి కాదు. నెల తర్వాత కబురు తెలిస్తే ఆ నెల లెక్కలో పడినట్టే. ఇక, అవసరమైన పనుల కోసం ఆమె పగటిపూట బయటికి వెళ్లి, రాత్రికి తన ఇంటికి చేరుకోవడానికి హనఫీ ఫిఖ్‌లో అనుమతి ఉంది. తహసీల్దారు ఆఫీసుకు, బ్యాంకుకు, కలెక్టరేట్‌కు స్వయంగా వెళ్లి సంతకం పెట్టడం అవసరం కాక మరేమిటి? రాసిన కాగితం చదివించుకోకుండా ఆమె చేత సంతకం పెట్టించేవారు ధర్మం పేరు చెప్పుకోకూడదు.

వసీయత్‌కు స్టాంపు పేపరు, రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా చెల్లుతుంది. ఆఫీసుల్లో చూపవలసి ఉంటుంది కనుక తెలుగులో రాయడమే మేలు. వారసుల్లో ఎవరికీ అదనపు వాటా రాయకూడదు. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప అది చెల్లదు. అప్పులు, అమానత్‌లు, మహర్‌ బాకీ, దఫన్‌ విషయంలో తన కోరిక, పిల్లల వసీ పేరు, పత్రాలు ఎక్కడున్నాయో, ఇంతే. రెండు పేజీలకు మించదు. సాక్షులిద్దరూ వారసులు కానివారైతే మంచిది. దావత్‌కు పిలిచినప్పుడు ఇమామ్‌ సాహెబ్‌ ఎలాగూ వస్తారు. దుఆకు ముందు ఆయన చేతే రాయించవచ్చు. మూడు ప్రతులు తీసి ఒకటి భార్య చేతికి, ఒకటి ఇంటికి సంబంధం లేని నమ్మకస్థుడికి ఇవ్వాలి. మూడోది పాస్‌పోర్టుతో పాటు సంచిలో పెట్టుకోవాలి. బిడ్డ పుట్టినప్పుడు, అప్పు తీరినప్పుడు, ప్లాటు కొన్నప్పుడు కొత్తది రాసి, పాత ప్రతులు మూడూ చించివేయాలి.